అటల్ పెన్షన్ యోజన: చేరడం తేలికే, శ్లాబు మార్చడమే చిక్కు

"వచ్చే నెల నుంచి దాచుకుందాంలే" అనుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని తెచ్చిన కేంద్ర ప్రభుత్వ పెన్షన్ పథకం ఇది. 2015లో మొదలైంది. ఒక్కసారి ఆటో డెబిట్‌కి సంతకం పెడితే 60 ఏళ్లు నిండేదాకా చందా దానంతటదే పొదుపు ఖాతాలోంచి వెళ్లిపోతుంది. ప్రతి నెలా "కట్టాలా, వద్దా" అని ఆలోచించే పని ఉండదు. మన బద్ధకాన్నే మన పొదుపుకి కాపలా పెట్టారన్నమాట. 18 నుంచి 40 ఏళ్ల లోపువాళ్లు చేరవచ్చు. 2022 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను కట్టేవాళ్లను కొత్తగా చేర్చుకోవడం లేదు.

ఇంతవరకు మంచి మార్కులే. అసలు తేడా శ్లాబు దగ్గర వస్తుంది.

60 ఏళ్ల తర్వాత నెలకు ఎంత పెన్షన్ కావాలో ఎంచుకోవడానికి ఫారంలో 1,000 నుంచి 5,000 రూపాయల దాకా ఐదు గడులు ఉంటాయి, అవే శ్లాబులు. చందాదారుల్లో అత్యధికులు మొదటి గడి దగ్గరే ఆగిపోయారు. 18 ఏళ్లకు చేరితే ఆ శ్లాబుకి నెలకు 42 రూపాయలే, జేబుకి తెలియదు. కానీ ఈ పెన్షన్ ధరలతోపాటు పెరగదు. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే, 42 ఏళ్ల తర్వాత వచ్చే 1,000 రూపాయలకు ఈనాటి 87 రూపాయల సరుకు కూడా గగనమే. అదే వయసులో 5,000 శ్లాబుకి చందా 210. 30 ఏళ్లకు చేరితే 577, 40కి 1,454. ఫారంలో చందా పక్కనే "60 ఏళ్లనాటికి దీని కొనుగోలు విలువ ఇంత" అని ఒక్క గడి అచ్చు వేస్తే చాలామంది చేయి ఇంకో గడి మీదకి వెళ్లేది.

ఆర్థిక సంవత్సరానికి ఒకసారి శ్లాబు పెంచుకోవచ్చు, నిజమే. అయితే బ్యాంకుకి వెళ్లి అడగాలి. పైగా ఇన్నాళ్ల చందా తేడాని వడ్డీతో కలిపి ఒకేసారి కట్టాలి. చేరేటప్పుడు సాయపడిన బద్ధకం ఇక్కడ కాళ్లకు అడ్డం పడుతుంది. అమెరికాలో రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్జీ అనే ఆర్థికవేత్తలు దీనికి మందు ఎప్పుడో చూపించారు: జీతం పెరిగినప్పుడల్లా పొదుపు శాతం కూడా దానంతటదే పెరిగేలా ఉద్యోగుల చేత ముందే ఒప్పించారు. మొదటి ప్రయోగంలో 40 నెలల్లో పొదుపు 3.5 శాతం నుంచి 13.6కి చేరింది. ఈ పథకంలో చేరే కూలీలకు ఇంక్రిమెంటు ఉండదు కాబట్టి దాన్ని ఇక్కడ యథాతథంగా దించలేం. "రెండేళ్లకొకసారి ఒక శ్లాబు పెంచండి" అని చేరేటప్పుడే టిక్కు పెట్టుకునే వీలైనా ఉండాల్సింది.

ఇంకో బలహీనత ఖాతాలో నిల్వ. డబ్బు లేకపోతే డెబిట్ ఆగిపోతుంది, ఆలస్యానికి వందకి నెలకొక రూపాయి అదనం. పంట డబ్బు మీద బతికేవాళ్లు నెలవారీ పెట్టుకుంటే ఇక్కట్లే, ఆరు నెలల వాయిదా నయం.

ఆటో డెబిట్ మంచిదే గానీ ఒప్పుకుని చేరినప్పుడే. కొత్త ఖాతా కాగితాల కట్టలో ఈ ఫారం కూడా ఉందేమో సంతకానికి ముందే చూసుకోండి, పాస్‌బుక్‌లో తెలియని కోత కనిపిస్తే వెంటనే అడగండి. మధ్యలో మానేస్తే మన చందా, దానిమీద వచ్చిన రాబడి, ఖర్చులు పోను తిరిగొస్తాయి. హామీ పెన్షన్ మాత్రం పోయినట్టే.

భార్యాభర్తలు ఎవరి ఖాతాతో వాళ్లు విడివిడిగా చేరవచ్చు. ఈ సంగతి కౌంటరు దగ్గర అడిగితేనే చెబుతారు.