ఆ నాలుక ఎవరిది: మా టామీదా, పిల్లిదా?

రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందం లోగో, అదే ఆ నాలుక బొమ్మ, ఉన్న టీషర్టు వేసుకుంటే చాలు, మా కుక్క టామీ ఎదురుగా చతికిలబడి, నాలుక బారెడు వేలాడేసి నా పొట్ట వంకే చూస్తాడు. నాకు అర్థమైనంతలో వాడి ఫిర్యాదు ఇది: ఆ లోగోకి మోడల్ తమ వంశమే, అయినా ఇంతవరకూ పైసా ముట్టలేదు. కిటికీలో కూర్చున్న పిల్లి కూడా తనదే హక్కంటోంది. పంచాయితీ నా నెత్తిన పడింది.

నాలుక వరకు టామీదే పైచేయి. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, ఏదో పాదాల అడుగున కాస్త. అందుకే నోరు తెరిచి వగరుస్తుంది. నాలుక మీది తడి ఆరేకొద్దీ వేడి దిగుతుంది. నాలుక చాపడం వాడికి రోజూ చేసే ఉద్యోగం. పిల్లి మాత్రం గోరంత బయటపెట్టి లోపలికి లాక్కోవడం మరిచిపోతుంది, అంతే. పైగా దాని నాలుక నిండా ముళ్లు. లోగోలోది నున్నగా మెరుస్తుంటుంది.

పెదవుల దగ్గరే టామీ కేసు వీగిపోయింది. లోగోవి ఎర్రగా, లావుగా ఉంటాయి. వీడివి నల్లగా, చొంగ కారుతూ. ఆ ఎరుపు చూస్తే ఎవరికైనా ఆ బృందం గాయకుడు మిక్ జాగర్ గుర్తొస్తాడు గానీ టామీ కాదు. ఇంకోటి, లోగో నాలుక ఉక్కపోసి చాపింది కాదు, పెద్దల్ని వెక్కిరిస్తూ చాపింది. అంత పొగరు టామీకి ఎక్కడిది? పిల్లికి కావలసినంత ఉంది, కానీ అది తోకతో చూపిస్తుంది.

అసలు దస్తావేజు తీస్తే ఇద్దరి వాదనా నిలవదు. 1970లో ఈ లోగో గీసిన లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థి జాన్ పాష్‌కి జాగర్ చూపించింది కాళికాదేవి పటం. పాష్‌కి మొదట దక్కింది 50 పౌండ్లు. 1971లో 'స్టిక్కీ ఫింగర్స్' ఆల్బమ్‌తో ఆ నాలుక జనంలోకి వచ్చింది. అమ్మవారితో పోటీ పడతావట్రా అంటే టామీ తోకాడించాడు.

కుక్కలకు ఈ రంగంలో అసలు చోటే లేదనడానికీ లేదు. హెచ్ఎంవీ గ్రామఫోన్ ముందు చెవి ఒగ్గి కూర్చున్న నిప్పర్ నిజం కుక్కే. ఫ్రాన్సిస్ బరో వేసిన ఆ బొమ్మకీ, హక్కులకీ కలిపి 1899లో గ్రామఫోన్ కంపెనీ 100 పౌండ్లు ఇచ్చింది, పాష్‌కి మొదట ఇచ్చినదానికి రెట్టింపు! నిప్పర్‌కి మాత్రం ఎముక ముక్క కూడా దక్కలేదు. పాపం, 1895లోనే పోయింది.

ఈ మాట వినిపించాక టామీకి ఒక బిస్కెట్ పరిహారంగా ఇప్పించాను. నమిలినంతసేపు నాలుక లోపలే ఉంది.