కర్నూలుకు చేరిన రీయూనియన్ వెనిల్లా

కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర కేకు సామాన్లు అమ్మే ఒక దుకాణంలో, గాజు గొట్టంలో పెట్టిన రెండు రీయూనియన్ వెనిల్లా కాయలను 700 రూపాయలకు కొన్నాను. ధర చూసి మొదట వెనుకాడిన మాట నిజమే. అయితే హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి ఫ్రాన్సులో భాగం కాబట్టి అక్కడ కూలి కూడా యూరోల్లో, ఫ్రాన్సు చట్టం ప్రకారమే చెల్లించాలి. పైగా ఒక్క పూట మాత్రమే విచ్చుకునే ప్రతి పువ్వుకూ చేత్తోనే పరాగసంపర్కం జరపాలి గనుక కాయ చవకగా రావడం అసాధ్యం. ఆ చేతి పద్ధతిని 1841లో కనిపెట్టినవాడు ఎడ్మండ్ ఆల్బియస్ అనే 12 ఏళ్ల బానిస బాలుడు. దీవికి ప్రధాన పంట మాత్రం చెరకే. వెనిల్లాకు పేరు పెద్దది, దిగుబడి చిన్నది; బజారులో ఈ దీవి పాత పేరుతో 'బూర్బన్ వెనిల్లా' అని దొరికేది చాలావరకు మడగాస్కర్ సరుకే కాబట్టి, చీటీ మీద ఊరి పేరు చదివి కొనడం మంచిది.

మొదటి కాయ నల్లగా, నూనె మెరుపుతో, వేలికి చుట్టినా విరగనంత మెత్తగా ఉంది. నిలువునా చీల్చి, లోపలి నల్లని గింజలను గీకి సేమియా పాయసంలో కలిపితే, యాలకులు తప్ప మరొకటి ఒప్పుకోని మా అమ్మగారు రెండో గ్లాసు అడిగారు. రెండో కాయ పుల్లలా ఎండిపోయి విరిగింది. మూత తీసిన సరుకు వెనక్కి తీసుకునేది లేదని దుకాణదారు తేల్చేశారు. మూత తీయకుండా లోపలి కాయ ఎండిందని ఎవరికి తెలుస్తుంది? ఆ ముక్కలను చక్కెర డబ్బాలో వేశాను.