పోరంకి నుంచి రాఘవయ్య పార్కు దాకా: 14 ఏళ్ల సిటీ బస్సు ప్రయాణం తర్వాత ఒక సమీక్ష

విజయవాడ శివారు పోరంకిలోని మా ఇంటి నుంచి నగరంలోని గవర్నర్‌పేటలో నేను లెక్కలు రాసే కార్యాలయానికి 14 ఏళ్లుగా బందరు రోడ్డు మీది సిటీ బస్సులోనే వెళ్లి వస్తున్నాను. పోరంకి సెంటర్‌లో ఎక్కి తాడిగడప, కానూరు, కామయ్యతోపు, ఆటోనగర్, పటమట, బెంజి సర్కిల్, లబ్బీపేట మీదుగా వచ్చి రాఘవయ్య పార్కు దగ్గర దిగి, అక్కడి నుంచి నడుస్తాను. మొత్తం దూరం పది కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఈ దారిలో వేగంగా నడిచే బస్సులు కావాలన్న మాట చాలాకాలంగా వింటున్నాం. కొద్ది స్టాపుల్లోనే ఆగే సర్వీసులు వేయాలని కొందరు, విద్యుత్ బస్సులు తేవాలని కొందరు, బస్సులకు విడిగా ఒక వరస ఇవ్వాలని ఇంకొందరు అంటున్నారు. ఈ ఆలోచనలను సమర్థించేవారిలో నేనూ ఉన్నాను. అయితే మందు ఎంచుకునే ముందు నొప్పి ఎక్కడుందో చూడాలి గనుక, బస్సు అసలు ఎక్కడ ఆలస్యమవుతున్నదో ముందుగా చెబుతాను.

2025 జూన్‌లో కాలేజీలు తెరిచిన నాటి నుంచి దసరా సెలవుల దాకా ఒక చిన్న పుస్తకంలో రోజూ నాలుగు సమయాలు రాసుకున్నాను. స్టాపుకు చేరినది, బస్సు ఎక్కినది, బెంజి సర్కిల్ దాటినది, దిగినది. వృత్తిరీత్యా అంకెలు రాసుకోవడం నాకు అలవాటే కాబట్టి అది శ్రమ అనిపించలేదు. నా పుస్తకం ప్రకారం, ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో ఎక్కినప్పుడు అన్నీ కలిసివచ్చిన రోజున బస్సులో గడిపిన సమయం 30 నిమిషాలు, కలిసిరాని రోజున 55 నిమిషాలు. స్టాపులో నిలబడిన సమయం మాత్రం ఒకరోజు 2 నిమిషాలైతే మరొకరోజు 25. అంటే నా ఉదయాన్ని తారుమారు చేస్తున్నది బస్సు నెమ్మదిగా నడవడం కంటే అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే. ఇంటి నుంచి ప్రతిరోజూ అరగంట ముందు బయలుదేరవలసి వస్తున్నది వేగం తక్కువైనందుకు కాదు, నమ్మకం లేనందుకు.

అలా ఎదురుచూసిన చాలా రోజుల్లో చివరికి వచ్చినవి రెండు బస్సులు, కొన్నిసార్లు మూడు, ఒకదాని వెనుక ఒకటి. దీనికి డ్రైవర్లను తప్పుపట్టేవాళ్లను రోజూ చూస్తుంటాను, కానీ కారణం అది కాదు. ముందు బస్సు ఏదో ఒక సిగ్నల్ దగ్గర నాలుగు నిమిషాలు ఆగిపోతే తర్వాతి స్టాపులో జనం అంతమేర పెరుగుతారు. వాళ్లందరూ ఎక్కేసరికి అది మరింత ఆలస్యమవుతుంది. వెనుక వచ్చే బస్సుకు ఎక్కేవాళ్లు మిగలరు గనుక అది ఎక్కడా ఎక్కువసేపు ఆగకుండా వచ్చి ముందుదాన్ని కలుసుకుంటుంది. ఇక అక్కడి నుంచి బస్టాండు దాకా ఒకటి కిక్కిరిసి, రెండోది సగం ఖాళీగా నడుస్తాయి. కానూరు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు కదిలే వేళల్లో ఇది దాదాపు నిత్యకృత్యం. మార్గం మధ్యలో, ఉదాహరణకు ఆటోనగర్ దగ్గర, ఒక కంట్రోలర్ నిలబడి వెనుక బస్సును మూడు నిమిషాలు ఆపి పంపితే ఈ జంట బస్సుల బాధ చాలావరకు తగ్గుతుంది. కొత్త బస్సు కొనకుండా, రోడ్డు తవ్వకుండా చేయగలిగిన పని ఇది. అందుకే వేగవంతమైన బస్సుల గురించి ఎవరు మాట్లాడినా మొదట నేను అడిగేది దీని గురించే.

రెండో ఆలస్యం తలుపు దగ్గర. ఇప్పుడున్న బస్సుల నేల ఎత్తుగా ఉంటుంది, మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను వెంటబెట్టుకుని ఎక్కినప్పుడల్లా ఒక్కో మెట్టు మీద ఎంత సమయం పోతుందో, వెనుకవాళ్ల తొందర ఆమెను ఎంత బెదరగొడుతుందో చూశాను. రోడ్డుకు 400 మిల్లీమీటర్ల ఎత్తులోనే నేల ఉండే లోఫ్లోర్ బస్సులు దేశంలో ఇతర నగరాల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. ఆ బస్సును వృద్ధుల సౌకర్యంగా మాత్రమే చూడటం పొరపాటు, అది అందరి సమయాన్నీ మిగిలిస్తుంది. వానాకాలంలో స్టాపుల పక్కన నీళ్లు నిలవడం వల్ల డ్రైవర్ బస్సును రోడ్డు నడుమనే ఆపడం, మనం మడమల లోతు నీళ్లలో దిగడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. నీళ్లు పోయే దారి చూపకుండా లోఫ్లోర్ బస్సు తెస్తే దానికీ ఆ స్టాపులో చోటు దొరకదు.

ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించే స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైనప్పుడు నా పుస్తకం సగానికి వచ్చింది. అప్పటిదాకా షేర్ ఆటోల్లో వెళ్లే ఆడవాళ్లు ఎందరో మా బస్సులోకి వచ్చారు. లబ్బీపేట ఇళ్లలో పనిచేసే ఇద్దరు, పటమటలో కుట్టుపనికి వెళ్లే ఒకామె ఇప్పుడు నా రోజువారీ తోటి ప్రయాణికులు. ఇది మంచి మార్పని మనస్ఫూర్తిగా చెబుతున్నాను. అయితే ఉచితమైనా కండక్టర్ గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ ఇవ్వాలి గనుక, కిక్కిరిసిన బస్సులో ఆయన ముందు తలుపు నుంచి వెనుకకు చేరేసరికి స్టేజీ వచ్చేస్తుంది, బస్సు ఆగి ఉండగా టికెట్లు కొట్టవలసి వస్తుంది. పోరంకి, కానూరు, బెంజి సర్కిల్ లాంటి పెద్ద స్టాపుల్లో రద్దీ వేళ ఒక ఉద్యోగి కిందనే నిలబడి టికెట్లు ఇస్తే బస్సు కదలడానికి ఎవరికోసమూ ఆగనక్కరలేదు. మరొక సంగతి కూడా ఉంది. ఈ పథకం పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అనే ఐదు రకాల బస్సులకు వర్తిస్తుంది. కొత్తగా తెచ్చే వేగపు సర్వీసుకు వేరే పేరు పెట్టి ఈ ఐదింటికి వెలుపల ఉంచితే, ఇప్పుడు మా బస్సులో సగానికి మించి ఉన్న ఆడవాళ్లు పాత బస్సు కోసమే నిలబడతారు. కొత్త బస్సు వాళ్ల ముందు నుంచి ఖాళీగా పోతుంది.

ఇక బెంజి సర్కిల్. కలకత్తా–చెన్నై జాతీయ రహదారి మీది వాహనాలను పైకెత్తడానికి అక్కడ రెండు ఫ్లైఓవర్లు కట్టారు, మొదటిది 2020లో ప్రారంభమైంది. లారీలు పైనుంచి పోవడంతో కూడలి కొంత తేలికపడిన మాట నిజం. కానీ ఫ్లైఓవర్లు ఆ రహదారి వెంబడి ఉన్నాయి, మా బందరు రోడ్డు వాటికి అడ్డంగా కిందనుంచే పోతుంది. కాబట్టి మేము ఇప్పటికీ ఎర్రదీపం ముందు ఆగుతాం, తరచుగా రెండు విడతలు. పటమట వైపు నుంచి వచ్చే బస్సుకు కూడలికి ముందు రెండు మూడు వందల మీటర్ల మేర ఎడమ వరసను రద్దీ వేళల్లో వదిలిపెట్టి, బస్సు వచ్చినప్పుడు పచ్చదీపాన్ని కొన్ని క్షణాలు పొడిగిస్తే నా లెక్కలో రోజుకు ఐదారు నిమిషాలు మిగులుతాయి. ఆ వరసలో ఇప్పుడు ఆటోలు, కార్లు ఆగి ఉంటాయి. వాటిని తీయించకుండా రంగు గీతలు గీస్తే ప్రయోజనం లేదు.

ఈ మాట అనడానికి మన ఊళ్లోనే ఆధారం ఉంది. నగరాల అభివృద్ధికి కేంద్రం 2005లో మొదలుపెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద విజయవాడకు బీఆర్‌టీఎస్, అంటే బస్సులకు ప్రత్యేక దారి ఉండే వ్యవస్థ, మంజూరైంది, సత్యనారాయణపురం వైపు నడుమ బస్సుల దారితో రోడ్డు వేశారు. నేటికీ ఊరంతా దాన్ని బీఆర్‌టీఎస్ రోడ్డనే పిలుస్తుంది, ఆటోవాళ్లు కూడా ఆ పేరుతోనే గుర్తుపడతారు. అయితే పేరులో ఉన్నంత బస్సు ఆ దారిలో లేదు. ఢిల్లీలో 2008లో ప్రారంభించిన అలాంటి దారిని 2016లో తొలగించారు. 2009లో మొదలైన అహ్మదాబాద్ బీఆర్‌టీఎస్ జనమార్గ్ మాత్రం నిలిచింది. అక్కడ టికెట్ తీసుకుని లోపలికి వెళ్లే స్టేషన్లు, బస్సు నేలతో సమానమైన ప్లాట్‌ఫారాలు, తరచుగా వచ్చే బస్సులు దారితోపాటే వచ్చాయి. మనం దారి ఒక్కటే తెచ్చుకున్నాం. బందరు రోడ్డు మీద మొత్తం పొడవునా అలాంటి నడిమి దారి అడగడం లేదు, అంత వెడల్పు అన్నిచోట్లా లేదు. కూడలికి ముందు వరస, సిగ్నల్, స్టాపు చోటు మాత్రం ముక్కలు ముక్కలుగానైనా ఇవ్వవచ్చు.

కొద్ది స్టాపుల సర్వీసు విషయంలో నా అభిప్రాయం కొంత మారింది. మొదట్లో అదే అన్నింటికీ మందు అనుకునేదాన్ని. పుస్తకం చూశాక తెలిసింది, నా ప్రయాణంలో చిన్న స్టాపుల వల్ల పోయే సమయం చాలా తక్కువ, ఎక్కువగా పోయేది మూడు నాలుగు పెద్ద స్టాపుల్లోనే. ఆ పెద్దవాటిలో వేగపు బస్సు కూడా ఆగవలసిందే గదా! కాబట్టి అలాంటి సర్వీసు అదనంగా వస్తే సంతోషిస్తాను, కామయ్యతోపులో దిగేవాళ్ల బస్సును తగ్గించి తెస్తే మాత్రం వ్యతిరేకిస్తాను.

కేంద్రం 2023 ఆగస్టులో 10,000 విద్యుత్ బస్సులకు ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ మన రాష్ట్రంలోని నగరాలకూ వర్తిస్తుంది. పొగ లేకపోవడం, చప్పుడు లేకపోవడం రోజూ ప్రయాణించేవాళ్లకు చిన్న విషయాలు కావు. బస్టాండు నుంచి పెనమలూరుకు ప్రతిపాదించిన మెట్రో కారిడార్ కూడా సరిగ్గా ఈ రోడ్డు మీదిదే. దాని పనులు ఆరంభమైతే రోడ్డు ఇరుకవుతుంది గనుక, బస్సును బాగుచేయడం ఆ తర్వాతి పని అనుకోకూడదు, అంతకు ముందే పూర్తికావాలి.

ప్రస్తుతానికి ఈ బస్సును నేను వదలను. ఛార్జీ అందుబాటులో ఉంది, చీకటి పడ్డాక నలుగురిలో కూర్చుని క్షేమంగా రావచ్చు, పరిగెత్తుకొచ్చే పిల్లను చూసి బస్సు ఆపే డ్రైవర్లు ఇంకా ఉన్నారు. ఈ దారిలో కొత్తగా ప్రయాణించేవారు ఉదయం ఎనిమిదికి ముందు పోరంకిలో ఎక్కితే కూర్చునే చోటు దొరుకుతుంది. సాయంత్రం ఆరు దాటితే రాఘవయ్య పార్కు దగ్గర ఆగకుండా బస్టాండు దాకా వెనక్కి వెళ్లి ఎక్కడం మేలు. రెండు బస్సులు కలిసి వస్తే రెండోది ఎక్కండి.