కొండ ఊళ్ల చర్చిలకు ట్రూడోస్ మేలా, బొయి లోయ మేలా?

నాలుగు రోజుల సెలవులో కొండ ఊళ్లు, వాటి పాత చర్చిలు చూడాలనుకునేవాళ్లు చివరికి రెండు చోట్ల మధ్య ఆగిపోతుంటారు: సైప్రస్‌లోని ట్రూడోస్ కొండలు, స్పెయిన్ పైరెనీస్‌లోని వాల్ దె బొయి. రెండూ యునెస్కో జాబితాలో ఉన్నవే. ఊళ్ల అందంలో దేనికీ వంక పెట్టలేం. తేల్చాల్సింది ఒకటే: తలుపు తీశాక లోపల గోడమీద ఏముంది?

సదుపాయం చూసుకుంటే బొయి లోయ. 9 చర్చిలూ ఒక్క లోయలోనే. టికెట్ కొనాలి, వేళలు రాసిపెట్టి ఉంటాయి, మధ్యాహ్నం మూసే సమయం ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. తావుల్‌లోని సంత్ క్లిమెంత్ చర్చిని 1123 డిసెంబరు 10న ప్రతిష్ఠించారు. దాని ఆరంతస్తుల గంటగోపురం ఎక్కితే ఊరంతా కాళ్లకింద. కానీ బలిపీఠం వెనకాల వంపు గోడమీది క్రీస్తు చిత్రం అక్కడ లేదు. మూర్ ఊరి చర్చి చిత్రాలు అమ్ముడుపోయి బోస్టన్ చేరాయి. మిగిలినవీ అలాగే పోతాయన్న భయంతో 1919 నుంచి 1923 దాకా ఈ ప్రాంతపు చిత్రాలను గోడల నుంచి ఊడదీసి బార్సిలోనాకు తరలించారు. జిగురు రాసిన గుడ్డ అంటించి, ఆరాక లాగితే రంగుపొర గుడ్డతోపాటు వచ్చేస్తుంది. ఇప్పుడు చర్చిలో కనబడేది ప్రొజెక్టర్ వెలుగు. బాగా చేశారు, నిజమే. కానీ అసలుది మ్యూజియంలో ఉంది.

ట్రూడోస్‌లో గీసినవి గీసినచోటే ఉన్నాయి. అసీను చర్చిలో 1105–06 నాటివి, లగుదేరాలో 1192 నాటివి. బయటినుంచి చూస్తే ధాన్యపు కొట్టం అనుకుంటారు. మంచు, వాన నిలవకుండా కమానుపైన వాలుగా ఇంకో చెక్కకప్పు వేశారు. పెదూలాస్‌లో 1474 నాటి చిన్న చర్చి ఉంది. అందులో తలుపు పైన చూడండి: దాన్ని కట్టించిన ఫాదర్ (ఆర్థడాక్స్ శాఖలో ఫాదర్లకు పెళ్లి అయి ఉండొచ్చు), భార్య, ఇద్దరు కూతుళ్లు, ఆయన చేతుల్లో ఆ చర్చి నమూనా. అదే చర్చిలో నిలబడి మనం దాన్ని చూస్తుంటాం. ఈ ఒక్క అనుభవం కోసమైనా నా ఓటు ట్రూడోస్‌కే.

ఇబ్బంది తాళంచెవితో. చాలాచోట్ల అది ఊళ్లో ఫాదర్ దగ్గరో, కాపలాదారు దగ్గరో ఉంటుంది. స్తావ్రోస్ తు అయాస్మాతి చర్చి ప్లతనిస్తాస ఊరికి దూరంగా ఉంటుంది. ఊళ్లో ఆగకుండా నేరుగా చర్చికి వెళ్తే మూసిన తలుపు చూసి వెనక్కి రావాలి. ముందురోజు సాయంత్రమే బస యజమానితో ఫోన్ చేయించండి. ఆదివారం పొద్దున ప్రార్థన జరిగే చోట్లకు వెళ్లకండి. రోజుకు మూడు చర్చిలు మించవద్దు. లోపల ఫొటోలు చాలాచోట్ల తీయనివ్వరు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఐదు నిమిషాలు కూర్చుంటేగానీ పైవరస చిత్రాలు తేలవు.

బస కాకోపెత్రియాలో పెట్టుకుంటే స్తేగిస్ చర్చి, గలాత ఊరు రెండూ దగ్గరే. లగుదేరా, ప్లతనిస్తాస ఒక రోజు. పెదూలాస్, ముతుల్లాస్, కలోపనయోతిస్ ఇంకో రోజు. కారు తప్పనిసరి, మనలాగే ఎడమవైపు నడపాలి.

రొమేనియాలోని మరమురెష్ చెక్క చర్చిలు, జార్జియాలోని స్వానేతి కూడా మంచివే, కానీ నాలుగు రోజులు చాలవు. డ్రైవింగ్ రానివాళ్లు, వృద్ధులతో వెళ్లేవాళ్లు బొయి లోయకే వెళ్లండి; ముందు బార్సిలోనా మ్యూజియంలో అసలు చిత్రాలు చూసి, ఆ తర్వాత లోయకు చేరండి.