మార్ఫిన్ వికారం: వాంతి మాత్రల కంటే నాకు విరేచనం మందే మేలు చేసింది

క్యాన్సర్ ఎముకలకు పాకినప్పటి నుంచి మార్ఫిన్ మీదే ఉన్నాను. నొప్పి విషయంలో దానికి వంక పెట్టలేను. మొదట్లో మాత్రం వికారంతో ప్రాణం పోయినంత పనైంది. నీళ్లు తాగినా నిలిచేవి కావు. వాంతులకు భయపడి మందే మానేసి, రాత్రంతా నొప్పితో మూలిగేవాళ్లను చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మార్ఫిన్ మెదడులో వాంతిని పురిగొల్పే చోటును రేపుతుంది, పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది. మొదటిదానికి ఒళ్లు సాధారణంగా వారం పది రోజుల్లో అలవాటు పడుతుంది. నాకూ అంతే. ఆ రోజులు గట్టెక్కించింది మెటోక్లోప్రమైడ్ అనే వాంతి మాత్ర. తిండికి అరగంట ముందు వేసుకుంటే తిన్నది కిందికి దిగేది. కాకపోతే కాళ్లు ఒకచోట నిలవనివ్వని అస్థిమితం మొదలైంది, డాక్టర్ వెంటనే ఆపేశారు. ఎక్కువకాలం వాడితే ముఖం, నాలుక వాటంతట అవే కదిలే జబ్బు వచ్చే ప్రమాదం ఉందట, కాబట్టి సొంతంగా పొడిగించకండి.

తర్వాత ఒండాన్‌సెట్రాన్ అనే మరో వాంతి మాత్ర ఇచ్చారు. వాంతులు ఆగాయి, మలబద్ధకం బిగుసుకుంది. కొన్నాళ్లకు వికారం మళ్లీ వచ్చింది. ఈసారి తీరు వేరు: రెండు ముద్దలకే పొట్ట నిండిపోవడం, సాయంత్రానికి నోట్లో నీళ్లూరడం. నర్సు పొట్ట నొక్కి చూసి, 'విరేచనమై ఎన్నాళ్లైంది?' అని అడిగింది. అసలు సంగతి అక్కడుంది. వికారానికి ఒళ్లు అలవాటు పడుతుంది కానీ, మార్ఫిన్ తెచ్చే మలబద్ధకానికి పడదు. మార్ఫిన్ వాడినంతకాలం విరేచనం మందూ వాడాల్సిందే. రాత్రిపూట సెన్నా అనే విరేచనం మాత్రలు మొదలుపెట్టాక, పేగు కదిలిన రోజే అన్నం వాసన భరించగలిగాను. వాంతి మాత్ర ఇప్పుడు ఎప్పుడో ఒకసారి తప్ప అక్కర్లేదు. పీచు పొడులు మాత్రం నాకు పడలేదు. పేగు మందగించినప్పుడు అవి లోపలే గడ్డకట్టవచ్చని డాక్టరే వద్దన్నారు.

లేచి తిరిగితేనే కడుపులో తిప్పేవాళ్లు ఆ మాట డాక్టర్‌కు విడిగా చెప్పండి, దానికి మందు వేరు. ఏదీ పనిచేయకపోతే మార్ఫిన్ బదులు అదే తరహా నొప్పి మందైన మరో ఓపియాయిడ్‌కు మార్చడమూ ఉంది. కొందరికి అదే ఒప్పుతుంది.

మార్ఫిన్ మాత్ర వేసుకున్న కాసేపటికే కక్కేస్తే అడగకుండా ఇంకోటి మింగకండి. పొట్ట ఉబ్బి, గాలి కూడా పోకుండా వాంతులవుతుంటే సెన్నా, మెటోక్లోప్రమైడ్ రెండూ ఆపి ఆసుపత్రికి వెళ్లండి. లేపినా లేవని మగత, మందగించిన ఊపిరి కనిపిస్తే క్షణం కూడా ఆగొద్దు.