కొత్తగా షేర్లు కొనేవారికి కైట్ యాప్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా మాట

జెరోధా అనే షేర్ బ్రోకింగ్ సంస్థ వారి కైట్ యాప్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. రోజువారీ ట్రేడింగ్‌కు కాదు, జీతంలో మిగిలిన డబ్బుతో షేర్లు, ఈటీఎఫ్‌లు (షేర్ల లాగే ఎక్స్ఛేంజ్‌లో కొని అమ్మే ఫండ్లు) కొని ఉంచుకోవడానికి. అలాంటి ఆలోచనతో మొదటిసారి డీమ్యాట్ (షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే ఖాతా) తెరవబోతున్నవారి కోసమే ఇది రాస్తున్నాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది, ఈ యాప్ మన వెంట పడకపోవడం. అంతకుముందు ఒక బ్యాంకు ద్వారా తీసుకున్న డీమ్యాట్ ఉండేది. కొన్నా అమ్మినా శాతం లెక్కన బ్రోకరేజీ పడేది. పైగా రిలేషన్‌షిప్ మేనేజర్ ఫోన్ చేసి ఏదో ఒక స్టాక్ కొనమనేవారు. మనం ఎన్నిసార్లు చేతులు మారిస్తే వాళ్లకు అంత ఆదాయం. ఇక్కడ డెలివరీకి, అంటే అదే రోజు అమ్మకుండా ఉంచుకోవడానికి, కొంటే బ్రోకరేజీ సున్నా. 2015 చివరి నుంచీ ఇదే పద్ధతి.

అయితే బ్రోకరేజీ లేదంటే ఖర్చే లేదని కాదు. షేర్లు కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ (లావాదేవీలపై ప్రభుత్వం వేసే పన్ను) పోతుంది. అమ్మిన రోజు ఒక్కో కంపెనీకి డీపీ చార్జీ (డీమ్యాట్ నుంచి షేర్లు బయటికి పంపే రుసుము) జీఎస్టీతో కలిపి 15 రూపాయల పైచిలుకు పడుతుంది, ఒక్క షేరు అమ్మినా వంద అమ్మినా అంతే. 500 రూపాయల షేరు ఒక్కటి అమ్మితే 3 శాతం దానికే పోయినట్టు. అందుకే నేను కొద్దికొద్దిగా అమ్మను. డీమ్యాట్‌లో ఉన్న విలువ 4 లక్షలు దాటనంతవరకు వార్షిక చార్జీ లేని బేసిక్ ఖాతా ఉంటుంది గానీ, అది ఒకే డీమ్యాట్ ఉన్నవారికే. ఆ బ్యాంకు ఖాతాలోని షేర్లను ఇటు మార్చుకుని దాన్ని మూసేశాను.

ఖాతా తెరవడం తేలికే. పాన్, ఆధార్‌కు లింకైన మొబైల్, బ్యాంకు వివరాలు, సంతకం చాలు. నామినీ పేరు మాత్రం అప్పుడే ఇచ్చేయండి.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఒకటి జాగ్రత్తగా చూడాలి. ఇంట్రాడే (కొన్న రోజే అమ్మేసే పద్ధతి) ఎంచుకుంటే మార్కెట్ ముగిసేలోపు కొన్నది దానంతట అదే అమ్ముడైపోతుంది. దాచుకోవడానికైతే లాంగ్‌టర్మ్ అన్నదే నొక్కాలి. అమ్మేటప్పుడు సీడీఎస్ఎల్ (మన షేర్లను భద్రపరిచే డిపాజిటరీ) ఇచ్చే టీపిన్ అనే రహస్య సంఖ్య, ఓటీపీ అడుగుతుంది. కొత్తవాళ్లు దానికి టెన్షన్ పడతారు గానీ, మన షేర్లు మన అనుమతి లేకుండా కదలకుండా ఉండేది దానివల్లే. జెరోధా ఖాతాలో వాడకుండా పడి ఉన్న డబ్బు అప్పుడప్పుడు తనంతట తానే బ్యాంకుకు తిరిగి వచ్చేస్తుంది. అది షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన, కంగారు పడక్కర్లేదు.

నేను ఎక్కువగా వాడేది జీటీటీ అనే ముందస్తు ఆర్డర్. కావలసిన ధర పెట్టేస్తే ఏడాది వరకు ఉంటుంది, ఆ ధర వచ్చినప్పుడు ఆర్డర్ వెళ్తుంది. ఉదయం 9.15కి ఆఫీసు బస్సులో ఫోన్ పట్టుకుని కూర్చోవలసిన పని లేదు.

ఇక ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్, అంటే షేర్లు, సూచీల ధరలు ముందుముందు ఎటు వెళ్తాయన్న దానిపై చేసే ఒప్పందాల ట్రేడింగ్. 2024 సెప్టెంబరులో సెబీ ఇచ్చిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఇందులో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయల పైనే. టెలిగ్రామ్‌లో కాల్స్ (ఏది కొనాలో, ఏది అమ్మాలో చెప్పే టిప్స్) అమ్మేవాళ్లు ఈ లెక్క ఎందుకు చెబుతారు? ఆదాయ రుజువు ఇస్తే ఈ సెగ్మెంట్ తెరుస్తారు కాబట్టి, అసలు ఆ కాగితమే ఇవ్వకండి. మా చెల్లెలికి ఇదే యాప్‌లో ఖాతా తెరిపించినప్పుడు ఈక్విటీ (మామూలు షేర్ల విభాగం) ఒక్కటే ఆన్ చేయించాను.