మందు పడలేదా? పోస్టుతో పాటు ఈ తెలుగు ఫారం కూడా

"మాత్ర వేసుకున్నా, ఒకటే వేడి చేసింది" అని ఫేస్‌బుక్‌లో రాస్తే తిరుపతిలో ఎవరికైనా అర్థమవుతుంది. మందుల దుష్ప్రభావాల కోసం పోస్టులు జల్లెడపట్టే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం కాదు. వేడంటే నోటిపూతా, మూత్రంలో మంటా, కడుపులో మంటా? తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మధ్యలో రెండు అరవం ముక్కలు కలిపితే ఇక చెప్పక్కర్లేదు. "తలనొప్పి, పారాసిటమాల్ వేసుకున్నా" అన్నదాంట్లో తలనొప్పిని మందు ఖాతాలో వేసేస్తుంది. ఐరోపాలో 2014లో మొదలైన వెబ్-రాడార్ ప్రాజెక్టు ట్విట్టర్, ఫేస్‌బుక్ పోస్టులు వడబోసి, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప ఈ దారి పనికిరాదనే తేల్చింది.

అందుకే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా, అంటే మందుల దుష్ప్రభావాలను గమనించే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం, వాళ్ళ ఫారం. రోగులే నింపేది తెలుగులో ఉంది, తమిళం, కన్నడంలోనూ ఉంది. పూర్తి పేరు అక్కర్లేదు, పొడి అక్షరాలు చాలు. డాక్టరు రాశాడా, మెడికల్ షాపులో ఇచ్చారా, చుట్టాలు చెప్పారా అని కూడా అడుగుతుంది. మన ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళే పెట్టినట్టున్న ప్రశ్న!

అసలు బలం తేదీల్లో ఉంది. మందు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు, బాధ ఏ రోజు వచ్చింది. నెలసరి నొప్పికి వాడే మెఫెనమిక్ యాసిడ్‌తో డ్రెస్ సిండ్రోమ్ (దద్దుర్లు, జ్వరంతో వచ్చే తీవ్రమైన అలెర్జీ) రావచ్చని 2023లో ఈ ప్రోగ్రామ్ వాళ్ళు హెచ్చరించింది ఇలా చేరిన నివేదికలు చూశాకే. ఆ దద్దుర్లు, జ్వరం సాధారణంగా మందు మొదలైన రెండు నుంచి ఎనిమిది వారాలకు బయటపడతాయి. అప్పటికి నిన్నటి మాత్రనే తిట్టుకుంటూ పోస్టు పెడతాం, నెల కిందటిది గుర్తుండదు.

హెల్ప్‌లైన్ 1800-180-3024 ఉచితమే కానీ పనిదినాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5:30 దాకానే. రాత్రి దద్దుర్లు లేస్తే, ముఖం ఉబ్బితే దానికి ఫోన్ చేస్తూ కూర్చోకండి, క్యాజువాలిటీకి వెళ్ళండి. ఇది వైద్యం చెప్పే నంబర్ కాదు. నా మార్కులు: ఫారానికి ఐదుకు నాలుగు, హెల్ప్‌లైన్‌కు రెండున్నర.

నింపిన ఫారం మెడికల్ కాలేజీ ఆస్పత్రిలోని ఏడీఆర్ సెంటర్‌లో (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే కేంద్రం) ఇవ్వొచ్చు. ఆ కేంద్రం ఎక్కువగా ఫార్మకాలజీ విభాగంలోనే ఉంటుంది. వెళ్ళేటప్పుడు స్ట్రిప్ పట్టుకెళ్ళండి. షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తే బ్యాచ్ నంబర్ షాపులోని ముక్కమీదే ఉండిపోతుంది, కొన్నప్పుడే దాన్ని ఫోటో తీసుకోండి.